గడి నుంచి దళానికి, దళం నుంచి శాసనసభకు: మల్లు స్వరాజ్యం స్వీయకథనం – ఒక పరిశీలన

1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటె ఇవి అధికం. తెలంగాణ సాయుధ పోరాటాన్ని గురించి రాసిన ప్రతివారూ ఈ సంఖ్యను ఉటంకించారు. అయితే నల్లగొండ ఆనాడు ద్విసభ్య నియోజకవర్గమనీ, అదే ఎన్నికలో అదే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పక్షాన షెడ్యూల్డు కులాల స్థానం నుంచి సుంకం అచ్చాలు కూడ పార్లమెంటుకు ఎన్నికయ్యారనీ గుర్తుచేసేవారు అరుదు. నెహ్రూ పోటీ చేసిన అలహాబాదు స్థానమూ ద్విసభ్య స్థానమే. అక్కడా రెండవ సభ్యుని పేరు ఎవరి నోటా వినిపించదు. కనుక ఓట్ల పోలికలో దోషం లేదు. దోషం జ్ఞాపకంలో ఉన్నది. బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టి, ఆస్తిని పంచి, ఉద్యమానికి నాయకుడై, పార్లమెంటుకు వెళ్లిన మనిషి జీవితానికి ఒక కథారూపం అప్పటికే సిద్ధంగా ఉన్నది. సిద్ధార్థుని కథ విన్న జాతికి ఆ రూపం కొత్తది కాదు. వదులుకోవడానికి ఏమీ లేనివాని జీవితానికి అటువంటి రూపం దొరకలేదు.

తెలంగాణ పోరాట నాయకుల స్వీయచరిత్రలను సాహిత్య దృష్టితో చదివేవారు ఎదుర్కొనవలసిన మొదటి చిక్కు ఇదే. రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ’, ఆరుట్ల రామచంద్రారెడ్డి ‘తెలంగాణ పోరాట స్మృతులు’, పుచ్చలపల్లి సుందరయ్య ‘విప్లవ పథంలో నా పయనం’ ఈ కోవకు చెందిన ప్రసిద్ధ గ్రంథాలు. మల్లు స్వరాజ్యం చెప్పగా విమల, కాత్యాయని అక్షరబద్ధం చేసిన ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా వెలువడి ఈ వరుసలో చివరగా చేరింది. వీటిని చరిత్రకారులు ఆధారాలుగా వాడుకున్నారు. పార్టీ పాఠకులు ఉత్తేజం కోసం చదివారు. పుట్టుకతో భూమి, యౌవనంలో ఆయుధం, నడివయసులో శాసనసభ అనే మూడు దశలను ఒక మనిషి ఒకే గొంతుతో ఎలా చెప్పుకొస్తాడు, ఆ మూడింటి నడుమ అతుకులు ఎక్కడ కనిపిస్తాయి అన్న ప్రశ్న మాత్రం తగినంతగా చర్చకు రాలేదు. స్వరాజ్యం కథనాన్ని కేంద్రంగా గ్రహించి ఆ అతుకులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వరాజ్యం 1931లో నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భీమిరెడ్డి రామిరెడ్డి, చొక్కమ్మ దంపతులకు జన్మించారు. వందల ఎకరాల కుటుంబం. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి సూర్యాపేట ప్రాంతంలో సాయుధ దళాలకు నాయకత్వం వహించి, తరువాతి కాలంలో మిర్యాలగూడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. స్వరాజ్యం దళ నాయకురాలై, పట్టి ఇచ్చినవారికి పదివేల రూపాయలు బహుమానమని ప్రభుత్వం ప్రకటించే స్థాయికి చేరుకున్నారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగిన తరువాత పాతికేళ్లకు పైగా గడిచాక, 1978లోను, 1983లోను తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2022 మార్చి 19న హైదరాబాదులో మరణించారు. ఇవి జీవిత రేఖలు.

ఈ జీవితంలో తొలి ఘట్టంగా అందరూ చెప్పేది బియ్యం పంపిణీ. వెట్టిని మానిపించాలన్న ఆంధ్ర మహాసభ పిలుపు విని, పదేళ్లు దాటిన పిల్ల ఇంటి కట్టుబాటును కాదని వెట్టివారికి తమ ఇంటి బియ్యం పంచిపెట్టింది. అయినవాళ్లే అభ్యంతరం చెప్పారు. ఈ సంఘటనను దయాగుణానికి నిదర్శనంగా చదవడం సులభం. చాలా మంది అలాగే చదివారు. కాని దయ గడికి కొత్త కాదు. పండుగనాడు పెట్టడం, పెళ్లికి ఇవ్వడం, కరవులో గంజి పోయడం దొరతనంలో భాగాలే. పెట్టే చేయి పైన, పట్టే చేయి కింద ఉన్నంతకాలం వాటివల్ల గడికి ప్రమాదం లేదు. ఆ ఇంటి పెద్దలు కలవరపడినది బియ్యం పోయినందుకు కాదు. ఆ బియ్యం ‘సంఘం’ చెప్పిందని ఇవ్వబడింది. అంటే పెట్టుపోతల స్థానంలో బాకీ అనే భావం ప్రవేశించింది. తెలంగాణ పల్లెలలో ఆంధ్ర మహాసభను ప్రజలు సంఘమనే పిలిచారు. ఆ ఒక్క మాటను తీసివేస్తే ఈ సంఘటన ఏ జమీందారు బిడ్డ బాల్యంలోనైనా ఇమిడిపోగల ముచ్చటగా మిగులుతుంది.

ఇక్కడ ఐర్లండు నుంచి ఒక పోలిక ఉపయోగపడుతుంది. కాన్‌స్టన్స్ మార్కివిచ్ స్లైగో ప్రాంతపు లిసడెల్ ఎస్టేటుకు చెందిన గోర్-బూత్ వంశంలో 1868లో జన్మించారు. 1879–80 కరవులో ఆమె తండ్రి హెన్రీ గోర్-బూత్ తన కౌలుదార్లకు ఆహారం పంచిపెట్టారన్నది ఆమె జీవితచరిత్రలన్నిటా కనిపించే ఘట్టం. ఆమె 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఐరిష్ సిటిజన్ ఆర్మీ పక్షాన డబ్లిన్‌లోని సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో ఆయుధం పట్టారు. మరణశిక్ష పడింది, స్త్రీ అన్న కారణంగా అది యావజ్జీవ శిక్షగా మారింది. 1918 డిసెంబరులో జైలులో ఉండగానే బ్రిటిష్ కామన్స్ సభకు ఎన్నికైన తొలి మహిళ అయ్యారు; కాని తన పార్టీ విధానం ప్రకారం ఆ సభలో కూర్చోలేదు. 1919లో ఐరిష్ జాతీయ సభ ఏర్పరచిన మంత్రివర్గంలో కార్మికశాఖ చేపట్టారు. భూమి, తుపాకి, చట్టసభ అనే అదే క్రమం. అయితే భేదం మౌలికమైనది. 1903 భూచట్టం కింద ఐర్లండులో భూములు కౌలుదార్ల పరమయ్యే ప్రక్రియ బలం పుంజుకున్నది. లిసడెల్ భూములను అమ్మివేసినవారు ఆమె సోదరుడు జాస్లిన్. కనుక ఆమె తుపాకి పట్టేనాటికి ఆమె ఇంటి భూమి ఆ తుపాకికి గురి కాదు. స్వరాజ్యం విషయం అది కాదు. ఆమె చేరిన దళం లక్ష్యాలలో ఆమె బంధువర్గపు పొలాలు ఉన్నాయి. ఐరిష్ కథలో పుట్టుక ఒక విశేషం. తెలంగాణ కథలో పుట్టుక ఒక వ్యాజ్యం.

ఆ వ్యాజ్యాన్ని స్వీయచరిత్రలు ఎంతవరకు విచారించాయి? సుందరయ్య గ్రంథాలలో దీనికి ఒక ముఖ్యమైన ఆధారం దొరుకుతుంది. పోరాట చరిత్రగా ఆయన రచించిన ‘తెలంగాణా ప్రజల పోరాటం, దాని పాఠాలు’ ప్రకారం మూడువేల గ్రామాలలో పదిలక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. భూస్వామి తనకు ఉంచుకొనదగిన గరిష్ఠ పరిమితి మొదట 500 ఎకరాలు. తరువాత అది 200కు, ఆ తరువాత 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణికి తగ్గింది. ఈ మూడు అంకెలు పార్టీ తీర్మానాల చరిత్రలో ఒక పేరా. సాహిత్య విమర్శకుడికి మాత్రం ఇవి మూడు అంకాల నాటకం. పరిమితి ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా నిన్నటి మిత్రుడు నేటి శత్రువు కావచ్చు. నాయకుని సొంత మేనమామ జాబితాలోకి రావచ్చు. 500 ఎకరాల పరిమితిలో ఇంటివారు క్షేమం. 100 ఎకరాల పరిమితిలో కారు. ఇంతటి ఘర్షణ ఉన్నచోట నాయకుల స్వీయచరిత్రలు ‘తీర్మానించాము’ అన్న బహువచన క్రియతో ముందుకు సాగిపోతాయి. ఏకవచనం రావలసిన చోట బహువచనం రావడం ఈ గ్రంథాల శైలీలక్షణం. దానిని వినయమనుకొని సరిపెట్టుకోవడం పొరపాటు.

రావి నారాయణరెడ్డి ఇందుకు కొంత మినహాయింపు. 1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం కాకినాడ చేరిన యువకుడు, హరిజన సేవక సంఘంలో పనిచేసి, 1941 చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడై, 1944లో భువనగిరి సభ నాటికి కమ్యూనిస్టు నాయకుడుగా స్థిరపడ్డారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత సాయుధ పోరాటాన్ని కొనసాగించడాన్ని ఆయన వ్యతిరేకించారు. ఆ భేదాభిప్రాయాన్ని రాతలో దాచలేదు. అందువల్ల ఆయన గ్రంథంలో ‘నేను’ తరచు బలంగా వినిపిస్తుంది. అయితే ఆ ‘నేను’ రాజకీయ పంథాను సమర్థించుకొనే ‘నేను’. ఐదువందల ఎకరాలు వదులుకొన్నాడని లోకం చెప్పుకొనే మనిషి, వదులుకొన్ననాటి రాత్రి ఇంట్లో ఏం మాట జరిగిందో చెప్పడు. ఆ తరం పురుషుల స్వీయచరిత్రలలో ఇల్లు ఒక చిరునామా మాత్రమే.

ఇల్లు చిరునామా కాకుండా కథ అయినది స్త్రీల నోట. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ మార్పుకు మూలం. పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, ప్రశ్నలు అడిగి, వారి మాటలను వారి మాటలుగా సేకరించిన సంకలనమది. 1989లో అది ఇంగ్లీషులో కూడ వెలువడింది. స్వరాజ్యం ఆ సంకలనంలో ఒక గొంతు. ముప్పై మూడేళ్ల తరువాత వచ్చిన ‘నా మాటే తుపాకీ తూటా’లో ఆమె ఏకైక కథకురాలు. ఒకే జీవితం రెండు పర్యాయాలు చెప్పబడింది. రెండుసార్లూ ఆమె చెప్పగా ఇతరులు రాశారు. ఈ రెండు పాఠాలను పక్కపక్కన ఉంచి చదవవలసిన అవసరాన్ని విమర్శకులు ఇంకా పూర్తిగా గుర్తించలేదు.

మొదటి పాఠంలో ఆమె పక్కన చిట్యాల ఐలమ్మ ఉన్నారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ధిక్కరించి తన పంటను నిలుపుకొన్న చాకలి స్త్రీ ఐలమ్మ. దూడల సలమ్మ ఉన్నారు. ప్రమీలా తాయి ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి మోటూరు ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ ఉన్నారు. ఇందరి నడుమ దేశ్‌ముఖ్ కుటుంబపు బిడ్డ గొంతు ఒక అంతస్తు నుంచి వస్తున్న గొంతుగా వినబడుతుంది. పాఠకుడు పేజీ తిప్పగానే, అదే అంతస్తుకు కింద నిలబడిన మరొక స్త్రీ మాట మొదలవుతుంది. సంకలన నిర్మాణమే విమర్శ. రెండవ పాఠంలో ఆ పక్కగొంతులు లేవు. కథకురాలు తన జ్ఞాపకానికి తానే ప్రమాణం. వయసు ఎనభై ఏడు దాటిన మనిషి, అప్పటికి ఎన్ని వేదికల మీద ఎన్ని మార్లు చెప్పిందో లెక్కలేని కథను మళ్లీ చెపుతున్నది. వేదిక మీద నలిగిన కథకు ఒక నునుపు వస్తుంది. ఆ నునుపు ఈ గ్రంథంలో ఉన్నదనడం దాని విలువను తగ్గించడం కాదు. ఆమె పోరాటకాలంలోనే ఉయ్యాల పాటలు కట్టి పాడిన మనిషి. ప్రజల ముందు నిలిచి మాట్లాడడం ఆమె ప్రధాన ఆయుధం. ఉపన్యాసమే ఆమెకు సహజమైన సాహిత్య ప్రక్రియ. స్వీయచరిత్రను ఆమె ఉపన్యాసంగా చెప్పారనడం సరైన వర్ణన.

గ్రంథనామం ఈ సంగతిని సూటిగా ఒప్పుకుంటుంది. ‘నా మాటే తుపాకీ తూటా’ అన్న రూపకంలో మాట, తుపాకి ఒకటయ్యాయి. రూపకం ప్రకారం ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదు. పదహారేళ్ల వయసులో భుజాన ఉన్న తుపాకి, నలభై ఏడేళ్ల వయసులో శాసనసభలో ఎత్తిన గొంతు ఒకే పని చేశాయని ఈ పేరు వాదిస్తుంది. విమర్శకుడు ఇక్కడే ఆగాలి. శాసనసభలో మాట తూటా కాదు. అక్కడ మాటకు సమయం పరిమితం, సభాపతి అనుమతి అవసరం, ఎదుటివారి జవాబు తప్పనిసరి, చివరికి ఓటింగు. తూటాకు జవాబు ఉండదు. దళ నాయకురాలికీ శాసనసభ్యురాలికీ నడుమ ఉన్న ఈ భేదమే ఆ జీవితంలోని అసలు ప్రయాణం. పేరులోని రూపకం దానిని కప్పివేస్తున్నది. 1978 నాటికి ఆమె ఏ వ్యవస్థ మీద తుపాకి ఎత్తారో ఆ వ్యవస్థకు వారసురాలైన సభలోనే, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేసి, ఆసీనులయ్యారు. అది ఓటమి కాదు. మార్కివిచ్ వలె సభను బహిష్కరించే విధానం ఆమె పార్టీది కాదు. కాని ఆ ప్రమాణం చేసిననాటి మనిషి దళంలోని మనిషేనా అన్న ప్రశ్నను కథనం తన ఎదుటికి రానివ్వదు.

పిలుపులను గమనిస్తే కథనం లోతు మరింత తెలుస్తుంది. గడిలో పుట్టిన ఆడపిల్లను ఊరు దొరసాని అని పిలుస్తుంది. అజ్ఞాత జీవితంలో స్వరాజ్యానికి ‘రాజక్క’ అన్న మారుపేరు వచ్చింది. మారుపేరు రక్షణ కోసం పెట్టుకున్నది. పోలీసులకు చిక్కకుండా ఉండడం దాని ప్రయోజనం. అయినా దానిలో ఒక సాంఘిక వ్యాకరణం ఉన్నది. దొరసాని అన్న పిలుపులో పిలిచేవారికీ పిలువబడేవారికీ చుట్టరికం అసాధ్యం. అక్క అన్న పిలుపులో చుట్టరికం తప్ప వేరు సంబంధం లేదు. గోదావరి అడవులలో కోయల మధ్య పనిచేసిన కాలంలో ఆమెకు దొరతనం ఎంత దూరమైందో ఏ సిద్ధాంత వాక్యం కంటెను ఈ పిలుపు బాగా చెపుతుంది. కాని అదే పేరులో ‘రాజ’ శబ్దం కూడ ఉన్నదని గుర్తించాలి. పేరు పెట్టినవారు ఆలోచించి పెట్టారని అనడానికి లేదు. తెలుగు పేర్లలో రాజు, రాణి, దొర విడివడనంతగా పెనవేసుకుపోయాయి. అయినా గడినుంచి వచ్చిన బిడ్డకు దళం ఇచ్చిన కొత్త పేరులో సగం గడిది, సగం గుడిసెది కావడం యాదృచ్ఛికమైనా అర్థవంతం.

భాష విషయంలో మరొక చర్చ ఉన్నది. అది తెలంగాణ నుంచి కొల్లేటి పరిసరాలకు తీసుకువస్తుంది. పోరాటాన్ని గురించి తొలి ప్రసిద్ధ సాహిత్యం చాలావరకు కోస్తా రచయితలది. ‘మాభూమి’ నాటకం 1947లో రచించిన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కృష్ణా జిల్లావారు. ముదినేపల్లి, గుడివాడ, పామర్రు, కైకలూరు ప్రాంతాల పల్లెలు కృష్ణా కాలువల నీటితో మాగాణి అయిన పల్లెలు. ఇక్కడి భూసంబంధాల పదజాలం వేరు. జమీందారు, మోతుబరి, ఆసామి, కామందు, పాలేరు ఇక్కడి మాటలు. దొర, గడి, దేశ్‌ముఖ్, వెట్టి, జీతగాడు తెలంగాణ మాటలు. నూజివీడు, చల్లపల్లి జమీందారీలు ఈ ప్రాంతానికి తెలిసినవే. చల్లపల్లి భూముల మీద ఇక్కడి కమ్యూనిస్టులు పోరాడారు. అయినా పాలేరుకూ జీతగానికీ, కామందుకూ దొరకూ భేదం కేవలం మాండలిక భేదం కాదు. పాలేరు ఏడాదికి ఒప్పందం చేసుకుంటాడు. అది ఎంత అన్యాయమైనదైనా ఒప్పందమే. వెట్టికి ఒప్పందం లేదు, ముగింపు లేదు, కూలి లేదు. కృష్ణా పాఠకుడు వెట్టిని పాలేరుతనంగా అనువదించుకొని చదివితే స్వరాజ్యం చేసిన తిరుగుబాటు తీవ్రత సగానికి తగ్గుతుంది. కాలువ నీటి కింద స్వతంత్ర రైతుగా ఎదిగిన వర్గానికి, గడికి అడ్డంగా నిలబడడం అంటే ఏమిటో పుస్తకాలు చెప్పాలి. ఆ పుస్తకాలు కృష్ణా తెలుగులో వచ్చినంతకాలం చెప్పలేకపోయాయి. నల్లగొండ నోటి మాట అచ్చులోకి రావడం అందుకే సాహిత్య సంఘటన.

ఈ ప్రాంతం పోరాటానికి వెలుపల నిలిచిపోయిందని దీని అర్థం కాదు. నైజాం సరిహద్దు దాటివచ్చిన కార్యకర్తలకు విజయవాడ, దాని పరిసర గ్రామాలు ఆశ్రయమిచ్చాయి. ఆ కారణంగా మలబారు పోలీసుల దాష్టీకాన్ని చవిచూశాయి. కాటూరు, యలమర్రు గ్రామాలలో జరిగిన అవమానకాండను ఈ జిల్లా మరువలేదు. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టులకు 15 స్థానాలు మాత్రమే దక్కినప్పుడు వాటిలో ఒకటి గన్నవరం. అక్కడ గెలిచినది సుందరయ్య. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న భూస్వామి కుటుంబంలో పుట్టిన సుందరరామిరెడ్డి, పేరులోని కులసూచకాన్ని తొలగించుకొని, సొంత ఊరిలోనే వ్యవసాయ కూలీల సంఘం కట్టి, తెలంగాణ పోరాటానికి నాయకత్వం వహించి, 1952లో రాజ్యసభకు, తరువాత గన్నవరం నుంచి మూడు పర్యాయాలు శాసనసభకు ఎన్నికయ్యారు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లిన సభ్యుడన్న కీర్తి ఆయనది. ఆ సైకిలు ఆయన జీవితచరిత్రలకు ముఖచిత్రం వంటిదైంది. ఒక జీవితంలో వేల పుటల రాజకీయ రచన ఉండగా సైకిలు మిగలడం, నారాయణరెడ్డి విషయంలో ఓట్ల సంఖ్య మిగలడం వంటిదే. త్యాగి జీవితం నుంచి లోకం ఎత్తుకొనేది ఒక చిహ్నాన్ని.

స్త్రీ విషయంలో చిహ్నం మరింత కఠినంగా పనిచేస్తుంది. మార్కివిచ్ మరణించిన 1927లోనే యేట్స్ ఆమెనూ ఆమె సోదరి ఈవానూ స్మరిస్తూ కవిత రాశాడు. లిసడెల్‌కు అతిథిగా వెళ్లిన కవి దృష్టిలో ఆ ఇంటి యువతుల సౌందర్యం నిత్యం. వారి రాజకీయం ఆ సౌందర్యాన్ని హరించిన పొరపాటు. ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి ఆమె ఆ కవిత ద్వారానే పరిచయం. ఆమె స్వయంగా స్వీయచరిత్ర రాయలేదు. జైలు నుంచి రాసిన లేఖలు 1934లో పుస్తకంగా వచ్చాయి. కవిత ముందు లేఖలు నిలవలేదు. స్వరాజ్యానికి ఆ దుర్గతి పట్టకపోవడానికి కారణం ఆమె చెప్పుకోవడం, వినే స్త్రీలు దొరకడం. తుపాకి భుజాన వేసుకొన్న యువతి రూపం తెలుగునాట ఎంత ప్రచారం పొందినా, ఆ రూపం వెనుక నుంచి ఆమె గొంతు రెండు పుస్తకాలలో వినబడుతూనే ఉన్నది. ఈ దృష్టితో విమల, కాత్యాయనిల శ్రమను అభినందించాలి. వారు లేకుంటే ఇక్కడా ఒక యేట్స్ తయారయ్యేవాడు.

అయితే గొంతు వినిపించడం వేరు, గొంతుకు అన్ని ప్రశ్నలు వేయడం వేరు. పోరాట విరమణ తరువాత స్త్రీలను ఇళ్లకు తిరిగి వెళ్లమన్న పరిస్థితి మీద ‘మనకు తెలియని మన చరిత్ర’లో గాఢమైన ఆవేదన ఉన్నది. దళంలో పురుషునితో సమానంగా నడిచినవారికి విరమణ మరునాడు వంటిల్లు ఎదురైంది. ఎవరికి తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉన్నది, ఎవరికి లేదు అన్నది ఆ సంకలనంలోని గొంతుల మధ్య మౌనంగా నడిచే భేదం. ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి 1952లోనే శాసనసభకు వెళ్లారు. స్వరాజ్యం పాతికేళ్ల తరువాత వెళ్లారు. ఐలమ్మ ఏ సభకూ వెళ్లలేదు. పోరాటంలో అందరూ ఒకే అడవిలో నడిచారు; పోరాటం తరువాత ఎవరి తొవ్వ వారిది. చట్టసభ తలుపు దగ్గర పుట్టుక మళ్లీ లెక్కకు వచ్చింది. ఇది స్వరాజ్యం తప్పు కాదు. ఆమె చదువు, వాక్కు, కార్యకర్తగా దశాబ్దాల శ్రమ ఆమెను గెలిపించాయి. కాని చదువూ వాక్కూ కొంతవరకు గడి ఇచ్చినవి. గడిని ధిక్కరించడానికి గడి ఇచ్చిన సాధనాలనే వాడడం ఈ జీవితంలోని వైరుధ్యం. దానిని దాచకుండా చెప్పి ఉంటే ఈ పుస్తకం ఇంకా గొప్పదయ్యేది.

దానిని దాచకుండా చెప్పిన పుస్తకం పామర్రు నుంచి వచ్చింది. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో ప్రచురితమైంది. 1918లో పుట్టి, ఊహ తెలియని వయసులో పెళ్లయి, వితంతువై, తరువాత కొండపల్లి సీతారామయ్యను వివాహమాడి, ఉద్యమానికి నగలిచ్చి, అజ్ఞాతవాసంలో బిడ్డలకు దూరమై, చివరకు భర్త విడిచి వెళ్లగా ముప్పై దాటిన వయసులో ఆంధ్ర మహిళా సభలో చదువుకొని, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహంలో ఉద్యోగం చేసి బతికిన స్త్రీ కథ అది. ఇందులో దళం ఉన్నది, అజ్ఞాతవాసం ఉన్నది, శాసనసభ లేదు. గెలుపుతో ముగిసే అవకాశం లేని జీవితం కాబట్టి ఆ కథనం ఉపన్యాసం కాలేకపోయింది. కోటేశ్వరమ్మ వాక్యం తరచు ఆగుతుంది, వెనక్కి చూస్తుంది, తనను తాను అడుగుతుంది. కొడుకునూ కూతురినీ పోగొట్టుకున్న తల్లి రాసిన పుటలలో ఉద్యమం మీద ద్వేషం లేదు, భర్త మీద తీర్పు కూడ దాదాపు లేదు. ‘మనం తీర్మానించాము’ అన్న క్రియ మాత్రం ఎక్కడా ఆమెకు ఆశ్రయం ఇవ్వలేదు. స్వరాజ్యం పుస్తకం చదివిన పాఠకుడు వెంటనే ‘నిర్జన వారధి’ని చేతిలోకి తీసుకోవాలి. అప్పుడే 1978 తుంగతుర్తి విజయం ఎంత అరుదైనదో, ఆ విజయానికి ముందు గడచిన ఇరవై ఏడేళ్లను గురించి స్వరాజ్యాన్ని ఇంకా ఎన్ని ప్రశ్నలు అడిగి ఉండవచ్చునో తెలుస్తుంది.